పెళ్లి తర్వాత పేరు: చట్టం అడగనిది, కాగితం అడిగేది

వివాహ రిజిస్టర్‌లో సంతకం పెట్టగానే మనిషి హోదా మారుతుంది. పేరు మాత్రం మారదు. చాలా దేశాల చట్టాలు చెప్పేది ఇదే. అయినా పెళ్లయితే ఇంటిపేరు దానంతటదే మారిపోతుందని, మార్చుకోకపోతే తర్వాతెప్పుడో చిక్కొస్తుందని నమ్మేవాళ్లు తక్కువేం కాదు. బ్యాంకులోనో వీసా దరఖాస్తు దగ్గరో ‘పెళ్లయింది కదా, పేరింకా మార్చుకోలేదా’ అని ఎవరైనా అడిగితే ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది. అలా అడగమని ఏ చట్టమూ చెప్పకపోవచ్చు. అడిగేవాళ్లు అలవాటుకొద్దీ అడుగుతారు, వినేవాళ్లు అదే రూలు అనుకుంటారు.

పేరు మార్చుకోవడం వ్యక్తిగత ఇష్టమని అందరూ ఒప్పుకుంటారు. కానీ ఆ ఇష్టం ఎటు మొగ్గాలన్నది చాలావరకు రెండు విషయాలు తేలుస్తాయి. ఎవరూ ఏమీ అడగకపోతే చట్టం దేన్ని పేరుగా లెక్కిస్తుందనేది మొదటిది. ఒకసారి మార్చుకున్నాక వెనక్కి రావడం ఎంత సులువన్నది రెండోది. మొదటిదాని గురించి కోర్టులు, పత్రికలు బాగానే మాట్లాడాయి. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రెండు సంప్రదాయాలు

పేరు విషయంలో చట్టాలు మొదటినుంచీ రెండు దారుల్లో నడిచాయి. ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయంలో పేరు వాడుకలోంచి పుడుతుంది. మోసం చేసే ఉద్దేశం లేనంతవరకు మనిషి తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, నలుగురూ ఆ పేరుతో పిలవడమే దానికి ఆధారం. ఈ లెక్కన భర్త ఇంటిపేరు వాడటం మొదలుపెట్టిన భార్యకు అది పేరవుతుంది, వాడని భార్యకు కాదు. బ్రిటన్‌లో నేటికీ వివాహ ధ్రువపత్రం మీద ‘కొత్త పేరు’ అనే గడి ఉండదు. ఫలానా ఇద్దరికీ ఫలానా రోజున పెళ్లి జరిగిందని మాత్రమే అది చెబుతుంది. దాన్ని చూపించి భర్త ఇంటిపేరుతో పాస్‌పోర్టు అడిగితే ఇస్తారు. రెండు ఇంటిపేర్లలోని ముక్కలు కలిపి ఎవరికీ లేని కొత్త పేరు కట్టుకోవాలంటే మాత్రం ఆ పత్రం చాలదు, ‘డీడ్ పోల్’ అనే ప్రత్యేక పత్రం రాసుకోవాలి.

ఫ్రాన్స్ దారి వేరు. అక్కడ పుట్టినరోజునే పేరు రిజిస్టర్‌లో స్థిరపడిపోతుంది. జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరో పేరు ఏ పౌరుడూ ధరించరాదని విప్లవకాలంలో, 1794 ఆగస్టు 23న చేసిన చట్టం శాసించింది. అది ఇంకా అమల్లోనే ఉంది. అందుకే ఫ్రెంచి మహిళ ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా ఆమె అసలు పేరు మారదు. భర్త పేరును వాడుక పేరుగా పెట్టుకునే హక్కు మాత్రం ఉంటుంది. భర్తకూ భార్య పేరు విషయంలో అదే హక్కు ఉంది. గుర్తింపు కార్డు మీద పుట్టినప్పటి పేరు ఒక వరుసలో, వాడుక పేరు మరో వరుసలో అచ్చవుతాయి. బయటినుంచి చూసేవాళ్లకు ఫ్రెంచి భార్యలు పేరు మార్చుకున్నట్టే కనిపిస్తుంది. చట్టం దృష్టిలో వాళ్లలో ఒక్కరూ మార్చుకోలేదు.

ఈ దారిలో ఇంకొంచెం ముందుకు పోయినవి కెనడాలోని క్యుబెక్, ఐరోపాలో గ్రీసు. క్యుబెక్‌లో 1981 నుంచి భార్యాభర్తలిద్దరూ పుట్టినప్పటి పేరుతోనే పౌర హక్కులు వినియోగించుకోవాలి. భర్త ఇంటిపేరు కావాలని భార్య కోరుకున్నా, పెళ్లి ఒక్కటే కారణంగా చూపితే మార్చరు. గ్రీసు 1983లో కుటుంబ చట్టాన్ని సవరించినప్పుడు ఇదే దారి పట్టింది. స్త్రీకి స్వతంత్ర గుర్తింపు ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే. కాకపోతే ఇష్టపడి మార్చుకుందామనుకున్న మనిషికి ఆ స్వతంత్రమే అడ్డుపడుతుంది. స్పెయిన్‌లో ఈ పేచీయే లేదు. ప్రతి మనిషికీ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. పెళ్లితో రెండూ కదలవు.

ఓటు దగ్గర ఆగిన పేరు

భార్య భర్త పేరు ధరించడానికి వెనకున్న న్యాయ సూత్రం ఇవాళ చదివితే వింతగా ఉంటుంది. పెళ్లితో స్త్రీ చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుందని 18వ శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయశాస్త్ర గ్రంథాలు రాశాయి. ఆమె ఆస్తి అతనిది, ఆమె కుదుర్చుకునే ఒప్పందం అతని అనుమతితోనే చెల్లుతుంది. అలాంటప్పుడు ఆమెకు వేరే పేరెందుకన్నది ఆనాటి తర్కం. ఆస్తి హక్కులు 19వ శతాబ్దంలో ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. పేరు మాత్రం పాత అలవాటు మీదే మిగిలింది.

అమెరికాలో ఆ అలవాటును ఎదిరించినవాళ్లలో అందరికీ గుర్తుండే పేరు లూసీ స్టోన్. బానిసత్వ నిర్మూలన కోసం, మహిళల ఓటు కోసం పనిచేసిన ఆమె 1855లో హెన్రీ బ్లాక్‌వెల్‌ను పెళ్లాడి కూడా తన పేరే ఉంచుకుంది. మసాచుసెట్స్ రాష్ట్రం 1879లో పాఠశాల బోర్డు ఎన్నికల వరకు స్త్రీలకు ఓటిచ్చింది. భర్త ఇంటిపేరు చేర్చనిదే నమోదు కుదరదన్నారు అధికారులు. జీవితమంతా ఓటు కోసం పోరాడిన మనిషి ఓటైనా వదులుకుంది గానీ పేరు వదల్లేదు. 1893లో చనిపోయేదాకా ఆమె ఓటు వేయలేదు. ఆమె పేరుతో 1921లో ఒక సంఘం మొదలైంది. పాస్‌పోర్టు, జీతం చెక్కు, ఓటరు జాబితా ఇలా ఒక్కో కాగితం కోసం ఆ సంఘం విడివిడిగా కొట్లాడాల్సి వచ్చింది.

అయితే భార్య భర్త పేరు పెట్టుకోవాలని రాసిన చట్టం అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా అలవాటే. దాన్నే చట్టమనుకుని కోర్టులు దశాబ్దాలపాటు తీర్పులు చెప్పాయి. అలబామాలో డ్రైవింగ్ లైసెన్సు భర్త ఇంటిపేరుతోనే తీసుకోవాలన్న నిబంధనను 1971లో కింది కోర్టు సమర్థించింది, మరుసటేడు సుప్రీంకోర్టు దాన్ని అలాగే ఉంచింది. అంటే మనుషులు చంద్రుడి మీద అడుగుపెట్టి వచ్చాక కూడా. చివరికి 1975లో టెన్నెసీ సుప్రీంకోర్టు పాత గ్రంథాలన్నీ తిరగేసి, పెళ్లితో పేరు మారాలన్న నియమం ఇంగ్లిష్ చట్టంలోనే లేదని తేల్చింది. ఆ దశకం గడిచేసరికి మిగతా రాష్ట్రాలూ దారికొచ్చాయి.

జపాన్: ఒకటే పేరు, ఎవరిదైనా సరే

నేటికీ కచ్చితంగా పేరు మార్చుకోమని చెప్పే దేశం జపాన్. అక్కడి పౌర స్మృతి 750వ అధికరణ ప్రకారం పెళ్లి నమోదయ్యేటప్పుడు భార్యాభర్తలు ఇద్దరిలో ఒకరి ఇంటిపేరును ఎంచుకోవాలి. ఎవరిదన్నది చట్టం చెప్పదు. అక్షరాలా చదివితే అందులో స్త్రీపురుష భేదం కనిపించదు. కానీ దాదాపు 95 శాతం జంటల్లో పేరు వదులుకునేది భార్యే.

ఈ నిబంధన సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనం ముందుకు రెండుసార్లు వెళ్లింది. 2015 డిసెంబరు 16న రాజ్యాంగబద్ధమేనని తీర్పు వచ్చింది. పదిహేను మంది న్యాయమూర్తుల్లో ఐదుగురు విభేదించారు. ధర్మాసనంలో ఉన్న ముగ్గురు మహిళలూ ఆ ఐదుగురిలో ఉన్నారు. 2021 జూన్‌లో కోర్టు మళ్లీ అదే చెప్పింది, మార్చాలనుకుంటే పార్లమెంటు మార్చుకోవచ్చంది. పార్లమెంటు ముందున్న ప్రతిపాదన కొత్తదేమీ కాదు. కోరుకున్న జంటలు వేర్వేరు పేర్లు ఉంచుకునేలా సవరించాలని న్యాయశాఖ సలహా మండలి 1996లోనే సిఫారసు చేసింది. ఇన్నేళ్లూ దాన్ని ఆపుతున్నది పాలకపక్షంలోని సంప్రదాయవాదులు. ఒకే కుటుంబానికి రెండు పేర్లుంటే బంధం సడలుతుందన్నది వాళ్ల వాదన. మరో పక్క 2024లో దేశంలోని పెద్ద కంపెనీల సమాఖ్య కీదన్రెన్ ఈ మార్పు కావాలని బాహాటంగా అడిగింది. స్త్రీవాదం మీద మమకారంతో కాదు లెండి. మహిళా ఉద్యోగులు విదేశాలకు వెళ్లినప్పుడు ఒప్పందాల మీద ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరు ఉండటం వ్యాపారానికి తలనొప్పిగా తయారైంది.

ఈ తలనొప్పికి జపాన్ ప్రభుత్వం కనిపెట్టిన మందు కుండలీకరణం. పాస్‌పోర్టు మీద చట్టపరమైన పేరు పక్కన పాత ఇంటిపేరును కుండలీకరణాల్లో అచ్చువేస్తారు. గుర్తింపు కార్డుల్లోనూ 2019 నుంచి పాత పేరు చేర్చుకోవచ్చు. కంటికి బాగానే ఉంటుంది. కానీ పాస్‌పోర్టు చిప్‌లో, అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో ఆ పాత పేరు ఉండదు. పాత పేరుతో టికెట్టు కొన్న ప్రయాణికురాలిని విమానాశ్రయంలో యంత్రం గుర్తుపట్టదు. కాగితం మీద రెండు పేర్లున్నా యంత్రానికి తెలిసింది ఒక్కటే.

ఇదే జపాన్ పౌరురాలు విదేశీయుడిని పెళ్లాడితే 750వ అధికరణ వర్తించదు. తన పేరు తనకే ఉంటుంది. భర్త పేరు కావాలనుకుంటే ఆరు నెలల్లోపు ఒక ప్రకటన దాఖలు చేస్తే చాలు. వేర్వేరు పేర్లుంటే కుటుంబం చెదిరిపోతుందనే వాదనకు ఈ మినహాయింపుతో పొత్తు కుదరదు.

మిగతాచోట్ల కోర్టులే కదిలాయి. భార్యాభర్తలు ఏదీ తేల్చుకోకపోతే భర్త పేరే ఉమ్మడి పేరన్న నియమాన్ని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1991లో కొట్టేసింది. 2025 మే నుంచి అక్కడ జంటలు రెండు ఇంటిపేర్లనూ కలిపి ఉమ్మడి పేరుగా పెట్టుకోవచ్చు. టర్కీ వివాహితలు పుట్టింటి పేరు ఒక్కటే వాడలేకపోవడం వివక్షేనని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2004లో చెప్పింది. టర్కీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను రద్దు చేయడానికి 2023 దాకా పట్టింది. దక్షిణాఫ్రికాలో వ్యాజ్యం తిరగేసి నడిచింది. భార్య ఇంటిపేరు పెట్టుకుందామనుకున్న భర్తలకు చట్టం అవకాశమే ఇవ్వలేదు. 2025 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం అది రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించి, చట్టం సవరించడానికి రెండేళ్లు గడువిచ్చింది. పేరు మార్పు ఆడవాళ్ల సమస్యేనని అనుకునేవాళ్లు ఈ కేసు చదవాలి.

చట్టం వదిలేస్తే జనం ఏం చేస్తారు

అమెరికాలో ఇవాళ ఏ బలవంతమూ లేదు. అయినా ప్యూ పరిశోధన సంస్థ 2023లో చేసిన సర్వేలో, పురుషుణ్ని పెళ్లాడిన మహిళల్లో 79 శాతం భర్త ఇంటిపేరు తీసుకున్నామన్నారు. తమ పేరే ఉంచుకున్నవారు 14 శాతం, రెండూ కలుపుకున్నవారు 5 శాతం. భార్య పేరు తీసుకున్న భర్తలు కూడా 5 శాతమే. యాభై ఏళ్ల కిందటే తలుపు తెరిచినా ఎక్కువమంది అదే గదిలో ఉండిపోయారు.

చదువు పెరిగేకొద్దీ పేరు ఉంచుకునే ధోరణి పెరుగుతుందన్నది నిజమే గానీ ఆ గీత తిన్నగా సాగలేదు. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్, మరియా షిమ్‌తో కలిసి 2004లో ప్రచురించిన పరిశోధనలో హార్వర్డ్ పట్టభద్రుల లెక్క తీశారు. 1980 బ్యాచ్ వివాహితల్లో పేరు ఉంచుకున్నవారు 44 శాతం ఉంటే, 1990 బ్యాచ్‌కు అది 32 శాతానికి పడింది. ముందు తరం పోరాడి తెచ్చుకున్న హక్కును తర్వాతి తరం తేలిగ్గా తీసుకుందా, లేక పేరు ఉంచుకుని ఏదో నిరూపించుకోవాల్సిన అవసరం తగ్గిందా? రెండు వివరణలూ వినిపించాయి.

మార్చుకునేవాళ్ల కారణాల్లో పిల్లలకూ తనకూ ఒకటే పేరుండాలన్నది ముందుంటుంది. అది ఊహ కాదు. తల్లి ఇంటిపేరు ఒకటి, పిల్లల ఇంటిపేరు మరొకటి అయినప్పుడు సరిహద్దుల దగ్గర ప్రశ్నలు ఎదురవుతాయి, జనన పత్రం వెంట ఉంచుకోవడం మేలు. కానీ ఈ సమస్యకు తల్లి పేరు మార్చడం ఒక్కటే మందు కాదు. తల్లిదండ్రులు వేరేలా కోరకపోతే బిడ్డకు ఇద్దరి ఇంటిపేర్లూ రావాలని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 2022లో చెప్పింది. అక్కడ తల్లి ఏదీ వదులుకోనక్కర్లేదు. తన ఇంటిపేరంటేనే ఇష్టం లేక మార్చుకునేవాళ్లూ ఉన్నారు. పెళ్లి వాళ్లకు ఒక మంచి సాకు. ఆ కారణాన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు.

గొలుసు

నిర్ణయం తీసుకున్నాక మొదలయ్యేది అసలు పని. ఇది పేరు మార్చడం కన్నా రెండు పేర్ల మధ్య గొలుసు కట్టడం అనుకుంటే బాగా అర్థమవుతుంది. డిగ్రీ పట్టా పాత పేరుతోనే ఉంటుంది, విశ్వవిద్యాలయాలు సాధారణంగా దాన్ని తిరిగి అచ్చువేయవు. జనన పత్రం మారదు. పాత పేరుతో ఉన్న ఆస్తి పత్రాలు అలాగే చెల్లుతాయి, కానీ అమ్మేరోజున ఆ పేరూ ఈ పేరూ ఒకరివేనని చూపాలి. అంటే పాత పేరు ఎక్కడికీ పోదు. వీసా దరఖాస్తుల్లో ‘ఇంతకుముందు వాడిన ఇతర పేర్లు’ అనే గడి జీవితాంతం నింపుతూనే ఉండాలి. రెండు పేర్లనూ కలిపే లంకె వివాహ ధ్రువపత్రం. పేరు మార్చుకున్నవాళ్లు దాని ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు ముందే తీసి పెట్టుకోవడం మంచిది. అసలు పత్రాన్ని పంపమని అడిగే కార్యాలయాలు ఒకటికి మించి ఉంటాయి.

ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ ముఖ్యమే. ఏ కార్యాలయం రికార్డును మిగతావన్నీ చూస్తాయో అక్కడినుంచి మొదలుపెట్టాలి. అమెరికాలో అది ప్రతి ఒక్కరికీ గుర్తింపు నంబరు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కార్యాలయం. అక్కడ పేరు మార్పు ఉచితం, నంబరు మారదు. అది కాకముందే డ్రైవింగ్ లైసెన్సుకు వెళితే రెండు కంప్యూటర్లలో రెండు పేర్లు కనిపించి వెనక్కి పంపుతారు. ఆదాయపు పన్ను రిటర్నులో కొత్త పేరు రాసి, సోషల్ సెక్యూరిటీలో పాత పేరు వదిలేస్తే రిఫండు ఆలస్యం కావచ్చు. పాస్‌పోర్టు తీసుకున్న ఏడాదిలోపే పేరు మారితే అక్కడ కొత్తది రుసుము లేకుండా ఇస్తారు. ఏడాది దాటితే మామూలు రుసుము కట్టాలి. కాలిఫోర్నియాలో 2009 నుంచి వివాహ లైసెన్సు దరఖాస్తులోనే కొత్త పేరు రాసే వీలుంది, భార్యకూ భర్తకూ సమానంగా. అక్కడ లంకె పత్రంలోనే కొత్త పేరు ఉండటంతో వాదన తగ్గుతుంది.

భారతదేశంలో హిందూ వివాహ చట్టం గానీ ప్రత్యేక వివాహ చట్టం గానీ భార్య పేరు మారాలని చెప్పవు. పాస్‌పోర్టుకు వివాహ ధ్రువపత్రం తప్పనిసరి కాదని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించింది. పాత పేరుతోనే పాస్‌పోర్టు కొనసాగించడానికి ఏ అడ్డూ లేదు. మార్చుకుంటే ఆధార్‌తో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే బ్యాంకు కేవైసీ నుంచి పాన్ దాకా అన్నీ దాన్నే చూస్తాయి. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పెళ్లికి ఒకసారి వాడేస్తే మిగిలేది ఒక్కటే. స్పెల్లింగు తప్పు దిద్దుకోవడానికి ఇప్పటికే ఒకసారి వాడినవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఇంటిపేరుతోపాటు అసలు పేరు కూడా మార్చుకునేవాళ్లు మాత్రం అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ దారి పట్టాలి. ఆ దారి పొడవు వేరు.

రెండు పేర్లనూ కలుపుకుంటే అందరికీ న్యాయం జరిగినట్టు కనిపిస్తుంది. యంత్రాలకు మాత్రం అది నచ్చదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసలు రెండు, ఒక్కోదాంట్లో 44 గడులు. మొదటి వరుసలో పత్రం రకం, దేశం పోగా పేరుకు మిగిలేవి 39. ఇంటిపేర్లు రెండు, అసలు పేరు, మధ్య పేరు అన్నీ అందులోనే సర్దుకోవాలి, పట్టకపోతే తెగిపోతాయి. రెండు పేర్ల మధ్య పెట్టిన అడ్డగీత ఆ వరుసలో ఖాళీ గుర్తుగా మారిపోతుంది. విమాన టికెట్టు సైట్లు కొన్ని అడ్డగీతను మింగేసి రెండు పేర్లనూ అతికించేస్తాయి. ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా కనిపించే పేరు ప్రతి తనిఖీలోనూ కొంచెం అనుమానం పుట్టిస్తుంది.

పెళ్లి కాగానే ప్రయాణం ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టికెట్టు మీది పేరు ప్రయాణం రోజున చేతిలో ఉండే పాస్‌పోర్టుతో కలవాలి, పెళ్లి శుభలేఖతో కాదు. బ్రిటన్‌లో పెళ్లికి మూడు నెలల ముందే కొత్త పేరుతో పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయొచ్చు. కానీ పాతది రద్దవుతుంది, కొత్తది పెళ్లిరోజు దాకా చెల్లదు. ఇలా ముందుగా ఇచ్చిన పాస్‌పోర్టు మీద కొన్ని దేశాలు వీసా ఇవ్వవు. తిరిగొచ్చాక మార్చుకుంటే ఏ గొడవా ఉండదు.

వృత్తిలో పేరే పెట్టుబడి అయినవాళ్ల లెక్క మళ్లీ వేరు. పరిశోధకురాలి పాత వ్యాసాలు ఒక పేరుతో, కొత్తవి మరో పేరుతో ఉంటే వాటిని ఉదహరించేవాళ్లు ఇద్దరు మనుషులనుకుంటారు. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును చాలావరకు తీర్చింది. పేరు ఏదైనా సంఖ్య ఒకటే. డాక్టర్లు, లాయర్లు రిజిస్ట్రేషన్ పాత పేరుతోనే ఉంచి, పాస్‌పోర్టు మాత్రం మార్చుకోవడమూ ఉంది. అలా చేస్తే రెండు పేర్లూ ఒకరివేనన్న ఆధారం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి, సంతకం ఏ పత్రం మీద ఏ పేరుతో పెడుతున్నారో గమనించుకోవాలి. ఒప్పందాల్లో చిక్కులు వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

తిరుగుదారి

మార్చుకునేటప్పుడు విడాకుల గురించి, వైధవ్యం గురించి ఎవరూ ఆలోచించరు. ఆలోచించమని చెప్పడమూ మర్యాద కాదు. కానీ ఒక దేశపు పేరు చట్టం ఎంత మంచిదో తెలిసేది అక్కడే. పైన చూసినట్టు కఠిన నియమాలున్న జపాన్ ఈ విషయంలో ఒక రకంగా సూటిగా ఉంది. పెళ్లితో పేరు మార్చుకున్న వ్యక్తికి విడాకులు కాగానే పాత ఇంటిపేరు దానంతటదే తిరిగొస్తుంది, పెళ్లి పేరే ఉంచుకోవాలంటే మూడు నెలల్లో తెలియజేయాలి. ఫ్రాన్స్‌లో విడాకులతో వాడుక హక్కు పోతుంది. మాజీ భర్త ఒప్పుకున్నా, పిల్లల కోసమో వృత్తి కోసమో అవసరమని న్యాయమూర్తి అనుమతించినా కొనసాగుతుంది. పుట్టినప్పటి పేరు రికార్డుల్లో ఎన్నడూ చెరగలేదు కాబట్టి అక్కడ ‘తిరిగి తెచ్చుకోవడం’ అనే ప్రశ్నే పెద్దగా రాదు. అమెరికాలో విడాకుల డిక్రీలోనే పాత పేరు పునరుద్ధరించమని అడగొచ్చు. అప్పుడు అడగడం మరిచిపోతే తర్వాత విడిగా అర్జీ పెట్టుకోవాల్సి రావచ్చు.

భారత్‌లో ఈ తిరుగుదారి మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకు ఒక పిటిషను వెళ్లింది. గెజిట్ ద్వారా పుట్టింటి పేరుకు తిరిగి వెళ్లాలనుకున్న మహిళ విడాకుల డిక్రీ గానీ, భర్త ఇచ్చిన నిరభ్యంతర పత్రం గానీ చూపాలన్న ప్రభుత్వ నోటిఫికేషన్‌ను ఆ పిటిషను ప్రశ్నించింది. పేరు మార్చుకోవడానికి భార్య సంతకం సరిపోతే, వెనక్కి రావడానికి భర్త అనుమతి ఎందుకన్నది అందులోని అసలు ప్రశ్న. విడాకుల కేసు ఏళ్ల తరబడి నడుస్తున్న మనిషి దగ్గర డిక్రీ ఉండదు. నిరభ్యంతర పత్రం ఇమ్మని అడగాల్సింది కోర్టులో ఎదుటి పక్షాన ఉన్న భర్తనే.

విడాకులయ్యాక గొలుసుకు మరో లంకె కలుస్తుంది. జనన పత్రం, వివాహ ధ్రువపత్రం, విడాకుల డిక్రీ, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంకో ధ్రువపత్రం. అమెరికాలో 2025 మే నుంచి రియల్ ఐడీ అనే కఠినమైన గుర్తింపు కార్డు నియమం అమలయ్యాక ఈ గొలుసు పూర్తిగా చూపాల్సినవాళ్లు చాలామంది తేలారు. మొదటి పెళ్లి పత్రం ఎప్పుడో పోయి, ఏ కౌంటీలో నమోదైందో వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఓటరు నమోదుకు పౌరసత్వ రుజువు పత్రాలు అడిగే బిల్లును అదే ఏడాది ప్రతినిధుల సభ ఆమోదించినప్పుడు ఈ ప్రశ్నే చర్చకు వచ్చింది. జనన పత్రంలో ఒక పేరు, ఇప్పటి గుర్తింపు కార్డులో మరో పేరు ఉన్న కోట్లమంది వివాహితల మాటేమిటి? లూసీ స్టోన్‌ను పేరు మార్చుకోనందుకు ఆపారు. ఇప్పుడు మార్చుకున్నవాళ్లు ఆగాల్సి వస్తుందేమోనన్న భయం.

ఇక తొందర విషయానికి వస్తే, పెళ్లయిన కొత్తలోనే ఇదంతా తేల్చుకోవాలన్న నిబంధన చాలా దేశాల్లో లేదు. అమెరికాలోని ఉచిత పాస్‌పోర్టు లాంటి చిన్న చిన్న వెసులుబాట్లకే గడువు ఉంటుంది. వివాహ ధ్రువపత్రానికి కాలపరిమితి ఉండదు. పెళ్లయిన పదేళ్లకు దాన్ని చూపించి పేరు మార్చుకున్నా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ భారత్‌లోనూ తీసుకుంటారు. ఒక ఏడాది పాత పేరుతో గడిపి, ఎక్కడెక్కడ నిజంగా ఇబ్బంది వచ్చిందో చూసుకుని అప్పుడు నిర్ణయించుకునే అవకాశం అందరికీ ఉంది.